సున్నా మనిషి

రోహిణి కార్తె, ఆదివారం

వంటశాల లచ్చయ్యమ్మ ఒంటేల్లో నీళ్లు కలుపుతోంది. ఈ మాట రాయడం నాకేమీ సరదా కాదు, రోజూ ఆవిడ పెట్టే కూడే తింటున్నాను. కానీ మెషిన్ కిందటి వారం ఆవిడ సీసాని వెనక్కి తోసింది, ఈ వారమూ తోసింది. రెండుసార్లూ ఎర్ర అక్షరాలతో ఒకటే మాట చెప్పింది: చెల్లదు, నీళ్లు కలిసినవి.

నా ఉద్యోగమే అనుమానించడం. ఊరంతటి మీదా గొడుగులా కప్పిన మా పెంకులో ఉండే ప్రతి మనిషీ శనివారం సాయంత్రం పని దిగగానే నా గది కిటికీ దగ్గరికి వచ్చి సీసా ఇచ్చి వెళ్లాలి. షెడ్డులో ఆ పెంకుకి వేసే పలకలు పోసేవాళ్లు రెసిన్ ఆవిరి పీలుస్తారు. ఎంత బిగించి మాస్కు కట్టుకున్నా కొంత లోపలికి పోతుంది. పోయినదాన్ని కాలేయం ఒక ఆమ్లంగా మార్చి ఒంటేల్లో బయటికి పంపేస్తుంది. ఆ ఆమ్లం ఎంత ఉందో మెషిన్ ఒక అంకెగా చెబుతుంది. ఆదివారం మధ్యాహ్నం భోజనాల హాల్లో నిలబడి, పేరూ అంకే పైకి చదువుతాను. నాలుగు వందలు దాటినవాళ్లు, అంకె దిగేదాకా షెడ్డు మెట్లు ఎక్కకూడదు.

షెడ్డుకి వెళ్లనివాడికి పెంకులో విలువ లేదు కాబట్టి సీసా దగ్గర మనుషులు చూపించని తెలివితేటలు లేవు. బావమరిది సీసా తెచ్చేవాళ్లు, చంటిపిల్లల చేత పోయించుకొచ్చేవాళ్లు, కుండెడు నీళ్లు తాగి ఊగుతూ వచ్చేవాళ్లు, అందరినీ చూశాను. అయితే లచ్చయ్యమ్మ షెడ్డు మొహం ఎరగదు. ఆవిరి తగలని మనిషి దాన్ని దాచుకోవాల్సిన పనేముంది? నాకు అంతు పట్టడం లేదు.

మిగతా అంకెలన్నీ బాగున్నాయి. మా ఆయన పైడిరాజుది నూట తొంభై. ఉగాదికి మూడు వందలు ఉండేది. ఎండలకి పెంకు మీద పగుళ్లు రెట్టింపయ్యాయి, షెడ్డులో పనీ రెట్టింపయింది, అంకెలు మాత్రం దిగుతున్నాయి. కొత్త మాస్కుల గొప్పతనం అంటాడు షెడ్డు మేస్త్రి దాలినాయుడు తాత. మా ఆయన అంకె చదవగానే హాల్లో చప్పట్లు కొట్టారు. మా ఆయన చెయ్యి పైకెత్తి నవ్వాడు. ఆ చేతిలోంచి గ్లాసు జారి కింద పడింది. నాకు తప్ప ఇంకెవరికీ అది పట్టలేదు.

మెషిన్ రాకముందు మా మామగారు ఈ షెడ్డులోనే పని చేశారు. పోయేనాటికి చొక్కా గుండీ తనంతట తాను పెట్టుకోలేకపోయారు. తండ్రికి వచ్చిన చేతులు కొడుక్కి రాకూడదనే నేను ఈ ఉద్యోగంలో చేరాను. అంకె దిగుతుంటే చెయ్యి ఎందుకు వణుకుతోంది? మా ఆయన కూడా సీసా మారుస్తున్నాడా అని ఇవాళ మొదటిసారి అనిపించింది. అనిపించినందుకు సిగ్గేసింది, అయినా అనుమానం పోలేదు.

రోహిణి కార్తె, గురువారం

లచ్చయ్యమ్మని నా గదికి పిలిపించాను. చేతులకి పిండి అలాగే పెట్టుకుని వచ్చింది.

"నానెందుకు నీలు కలుపుతానమ్మా? కలిపితే నాకేటి ఒరుగుద్ది?"

"అదే నానూ అడుగుతన్నాను."

"నీ మిసను కల్లు తాగిందేటో సూడు."

వాదించలేదు. సీసా చేతికిచ్చి, చాటు లేకుండా నా ఎదుటే పొయ్యమన్నాను. నా తల్లి వయసు ఆవిడది. నన్నూ నా ఉద్యోగాన్నీ కలిపి తిట్టుకుంటూనే పోసింది. మూత నేనే బిగించాను. మెషిన్‌లో నేనే పెట్టాను. చెల్లదు, నీళ్లు కలిసినవి.

ముందే కడుపు నిండా నీళ్లు పట్టించి వచ్చిందనుకున్నాను. బిందెలు తాగినా ఇంత పలచబడదని తెలుసు. కానీ ఆవిడ చారు కూడా పలచగానే కాస్తుంది, ఆవిడ్ని నమ్మడానికి నాకు మనసు రాలేదు.

మెషిన్ ఎలా లెక్క పెడుతుందో ఒకసారి రాసుకుంటాను, నా బుర్ర తేటపడుతుంది. తిన్న తిండి వల్ల ప్రతి మనిషి ఒంటేల్లోనూ ఆ ఆమ్లం చిటికెడైనా ఉంటుంది. అందుకని ఆవిరి బొత్తిగా తగలని ఒక మనిషి సీసాని ముందు గూట్లో పెట్టి, దీన్ని సున్నా అనుకో అని మెషిన్‌కి చెబుతాం. మిగతా సీసాలన్నిట్నీ అది దానితో పోల్చి, ఎంత ఎక్కువుందో చెబుతుంది. ఎవరిదైనా దానికన్నా తక్కువ వస్తే నీళ్లు కలిపారని తేల్చేస్తుంది. ఆవిరి తగలని మనిషి కన్నా శుభ్రమైన మనిషి ఉండదు కదా.

ఆ సున్నా మనిషి మా ఆడపడుచు వరహాలు. మా ఇంటి మేడగదిలోనే ఉంటుంది. బయటి ఆవిరి దూరకుండా ఆ గది తలుపుకి రబ్బరు కట్టారు. లోపలి గాలిని లోపలే తిప్పే పెట్టె ఒకటి అమర్చారు. తను షెడ్డు వైపు రాకూడదు, హాలుకి రాకూడదు, ఇంకెవరూ ఆ గడప దాటకూడదు. తిండి గడప దగ్గర పెడతాం, శనివారం సీసా గడప దగ్గర తీసుకుంటాం. తీగలు పాకించే వలలు అల్లుకుంటూ కూర్చోవడమే తన పని. పెంకు అంతా ఆవిడ్ని దేవతలా చూస్తుంది. నాకు మాత్రం, నిజం చెప్పాలంటే, కాస్త ఒళ్లు మంటే. ఇంటి పనికి ఒక చెయ్యి తక్కువ, పెట్టాల్సిన కంచం మాత్రం ఒకటి ఎక్కువ.

మృగశిర కార్తె, ఆదివారం

బడి పంతులుగారి సీసా చెల్లలేదు. కూరపాదులు చూసే మొగుడూ పెళ్లాలవీ చెల్లలేదు. షెడ్డుకి దూరంగా ఉండేవాళ్లే ఒక్కొక్కరూ దొంగలుగా తేలుతున్నారు. షెడ్డువాళ్లు మాత్రం పూటపూటకీ పునీతులైపోతున్నారు. వీళ్లంతా కూడబలుక్కుని నా మీద ఏదో ఆట ఆడుతున్నారా అనిపించింది. పంతులుగారిని హాల్లో అందరి ముందూ నిలదీశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు తప్ప మాట్లాడలేదు. అలా ఊరుకోవడం కూడా నాకు అనుమానంగానే కనిపించింది.

మా ఆయన అంకె నూట ఇరవైకి దిగింది. నాయుడు తాత వీపు తట్టాడు. ఇంటికి వచ్చీ రాగానే మా ఆయన మళ్లీ షెడ్డుకి పరిగెత్తి రెసిన్‌తో ఒక పీట పోసుకొచ్చాడు. అది మొక్కుబడి. అంకె దిగినవాళ్లు సున్నా మనిషికి ఏదో ఒక వస్తువు ఇవ్వడం ఇక్కడి ఆచారం. అదీ అచ్చులోంచి తీసిన పూటే ఇవ్వాలి. ఒకరు వాడినదైనా, ఒక రాత్రి నిలవున్నదైనా మొక్కు చెల్లదు. పెంకుకి బిగించే పలకల్నేమో నెలరోజులు బయటి వాకిట్లో ఆరేస్తారు. దేవతకిచ్చేది మాత్రం చేతికి అంటుకునేంత కొత్తగా ఉండాలి. ఈ నెలలో అందరి అంకెలూ దిగాయి కాబట్టి మా మెట్ల మీద జనం తగ్గడం లేదు. పీటలు, పళ్లేలు, దీపపు స్తంభాలు, ఉయ్యాల బల్ల, ఒకటేమిటి.

పీట ఇద్దామని నేనూ మా ఆయన వెనకే మెట్లెక్కాను. రెండు చోట్ల తూలి గోడ పట్టుకున్నాడు. తలుపు చాలాసేపు కొడితేగానీ వరహాలు తియ్యలేదు. కళ్లు నలుపుకుంటూ వచ్చింది.

"పట్టపగలు నిద్దరేటమ్మా?" అన్నాను.

"తల నొప్పిగుంది వదినా."

"అలగ పడుకునే ఉంటే నొప్పి రాదేటి? లెగిసి నాలుగు ముడులెయ్యి."

మా ఆయన నా వైపు గుర్రుగా చూశాడు. చెల్లెల్ని అంటే ఆయనకి చురుక్కుమంటుంది. వరహాలు పీట అందుకుని, "బాగుందన్నా," అని నవ్వి తలుపు వేసుకుంది.

మృగశిర కార్తె, బుధవారం

ఇవాళ మా ఆయన్ని అడిగేశాను. కంచం ముందు కూర్చున్నాడు. ముద్ద కలుపుతుంటే వేళ్లు దగ్గరికి రావడం లేదు.

"మావా, నీ సీసా నీదేనా?"

ఒక్క నిమిషం అర్థం కాలేదు ఆయనకి. అర్థమయ్యాక కంచం పక్కకి జరిపాడు.

"ఊరందర్నీ అనుమానించినావు. ఇంక నానొక్కడినే మిగిలినానేటి?"

"చేతులు సూసుకో. నూట ఇరవై అంకెకి చేతులు ఇలగుంటాయా?"

"పని ఎక్కువైపోనాది. అలిసిపోతన్నాను."

"అలిసిపోతే కాళ్లు లాగుతాయి, చేతిలో గలాసులు పడిపోవు."

"మా అయ్య సేతులు సూసినోడిని నాను. నానే సీసా మార్చుకుంటానా?"

అన్నం తినకుండా లేచి వెళ్లిపోయాడు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ షెడ్డు నుంచి తప్పిస్తారన్న భయం మనిషి చేత ఏమైనా చేయిస్తుంది. ఆయన మంచివాడే. మంచివాళ్లు కూడా చాలామంది కిటికీ దగ్గర నా కళ్లలోకి చూసి అబద్ధం ఆడారు. ఆయన తినని ముద్ద నేను తినలేకపోయాను.

శనివారం మా ఆయన సీసా కోసం కిటికీ లోపల కూర్చోకుండా షెడ్డు గుమ్మంలోనే నిలబడతాను. మొగుడి వెనక కాపలా కాసే పెళ్లాం అని నవ్వుతారు. నవ్వనీ.

మృగశిర కార్తె, ఆదివారం

నిలబడ్డాను. నవ్వారు. మా ఆయన నా వైపు చూడకుండా, నా కళ్లెదుటే సీసా నింపి నా చేతిలో పెట్టాడు. దాన్ని చేతిలో పట్టుకునే గదికి వచ్చి మెషిన్‌లో పెట్టాను. అంకె నూరు. సీసా ఆయనదే, అందులో ఏ మోసమూ లేదు. నాకు సంతోషం వేయాలి. ఇంకా గాభరా పుట్టింది.

తర్వాత నా సీసా పెట్టాను. నాదీ ప్రతి వారం పెడతాను, ఎప్పుడూ సున్నా పక్కనే వచ్చేది, పెద్దగా చూసేదాన్నే కాదు.

చెల్లదు, నీళ్లు కలిసినవి.

మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. ఇన్నాళ్లూ ఆ ఎర్ర అక్షరాలు చూపించి ఎంతమంది మొహాలు మాడ్చానో, ఇప్పుడు అవే నా మొహం మీద కొట్టినట్టుంది. నేను నీళ్లు కలపలేదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. లచ్చయ్యమ్మకి కూడా తన సంగతి అలాగే తెలిసి ఉంటుంది. పంతులుగారికీ అంతే.

అబద్ధమాడేది మేము కాకపోతే మిగిలింది ముందు గూట్లో ఉన్న సీసా. వరహాలు సీసా. దాన్ని ఎవరూ ఎప్పుడూ పరీక్షించలేదు. సున్నాని దేనితో పోలుస్తారు?

ఇది రాస్తూనే నా బుద్ధి ఎటు పోతోందో చూసుకుంటున్నాను. వరహాలు సీసాలో ఏదో కలుపుతోంది. గదిలో పెట్టి తాళం వేసినట్టు ఉంచామని మా మీద కసి తీర్చుకుంటోంది. రేపు ఆ గడప దాటుతాను. ఆచారం సంగతి తర్వాత.

ఆరుద్ర కార్తె, సోమవారం

మా ఆయన షెడ్డుకి వెళ్లాక మెట్లెక్కాను.

"గడప దాటకూడదు గదా వదినా," అంది వరహాలు, తలుపు సగం తీసి.

"ఇయ్యాల దాటుతాను. జరుగు."

లోపల అడుగు పెట్టగానే ముక్కులోకి తియ్యటి ఘాటు కొట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. షెడ్డు లోపల మాస్కు తీస్తే వచ్చే వాసన అది. గది నిండా మొక్కుబళ్లే, నిలబడటానికి చోటు లేదు. పీటల మీద పీటలు, పళ్లేల దొంతరలు, గోడ వారగా స్తంభాలు, మధ్యలో తళతళలాడే కొత్త మంచం. మూల గాలిపెట్టె బుద్ధిగా తన పని చేస్తోంది. ఆ గాలినే తిప్పి తిప్పి ఆ గదిలోనే వదులుతోంది.

"వరహాలూ, ఈ వాసన నీకు తెలీలేదేటే?"

"ఏ వాసన?"

"ఏటి ఏ వాసన?"

"మొదట్ల కొత్త సామాను వాసనొచ్చీది. బాగుండీది. ఇప్పుడు ఏ వాసనా రాదు వదినా. నువ్వెట్టిన పులుసు వాసనైనా రాదు." మంచం అంచున కూర్చుంది. ఒళ్లో సగం అల్లిన వల ఉంది. నీలం గళ్ల వల అల్లమని నేనే తాళ్లు పంపాను. అందులో నీలం, ఆకుపచ్చ ఇష్టమొచ్చినట్టు కలిసిపోయి ఉన్నాయి.

"ఇదేటి, రెండు రంగులేసినావు?"

వలని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. "రెండున్నాయా?" అంది.

వలని తన చేతిలోంచి తీసి పక్కన పెట్టాను. ఈ పిల్లని నేను బద్ధకస్తురాలు అనుకున్నాను. దొంగ అని కూడా అనుకుని మెట్లెక్కాను.

"ఇంత జరుగుతుంటే ఎందుకు సెప్పలేదే?"

"తల నొప్పని సెప్పినాను గదా. పడుకుంటే వస్తాదన్నావు." నిష్ఠూరంగా అనలేదు, మామూలుగా అంది. "ఇంకెవులికి సెప్తాను? సున్నాకి ఒంట్లో బాగోనేదంటే అందరూ బెంగెట్టుకుంటారు. అన్న కూడా."

చెయ్యి పట్టుకుని కిందికి దింపాను. మెట్లు దిగడానికి నా భుజం ఆసరా కావలసి వచ్చింది. వంటింటి కిటికీ పక్కన పడుకోబెట్టి, తలకి నూనె రాశాను. పెళ్లయి వచ్చాక ఆ పిల్ల తల నేను ముట్టుకోవడం ఇదే మొదలు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"వదినా, ఒక మాట. మొక్కులోల్ల మీదకి ఎల్లకు. ప్రేమగా తెచ్చినారు."

"ఎల్లనులే," అని మాటిచ్చాను.

ఆరుద్ర కార్తె, మంగళవారం

మెషిన్‌కి నిబంధన ఉంది. ముందు గూట్లో సున్నా మనిషి సీసా తప్ప ఇంకోటి పెట్టకూడదు. ఇవాళ అందులో లచ్చయ్యమ్మ సీసా పెట్టాను. అందరికన్నా ముందు చెల్లకుండా పోయింది ఆవిడదే కాబట్టి అందరిలోకీ శుభ్రమైన మనిషి ఆవిడే. సీసా అడగడానికి వెళ్లి క్షమించమన్నాను. "ముందు బియ్యం ఏరు," అని చేట చేతికిచ్చింది. ఏరాను.

వరహాలు సీసాని మామూలు వరసలో పెట్టాను. నాలుగు వందల అరవై.

షెడ్డు మెట్లు ఎక్కని పిల్లకి అంకె హద్దు దాటింది. మాస్కు లేకుండా పగలూ రాత్రీ ఆ గదిలోనే పీల్చింది మరి. ఇంక మిగతాది చిన్న కూడిక. మెషిన్ ఇన్నాళ్లూ అందరి అంకెల్లోంచీ వరహాలు పీల్చినదాన్ని తీసేసి చెబుతోంది. ఆ పిల్లలో ఆవిరి పెరిగినకొద్దీ మా అంకెలు దిగాయి. మా అంకెలు దిగినకొద్దీ మేము మొక్కుబళ్లు మోసుకెళ్లాం. మా ఆయనది నూరు కాదు, అయిదు వందల అరవై. ఎన్ని వారాలుగా హద్దు దాటి పని చేస్తున్నాడో తెలియదు. నేను ప్రతి ఆదివారం చప్పట్ల మధ్య ఆయన్ని షెడ్డుకి పంపిస్తున్నాను.

మధ్యాహ్నం నాయుడు తాతకి చెప్పాను, సున్నా తప్పింది, షెడ్డులో అందరూ హద్దు మీద ఉన్నారని. ఎందుకు తప్పిందో చెప్పలేదు, వరహాలుకి మాటిచ్చాను. ఆయన గెడ్డం నిమురుకున్నాడు.

"వర్సాలు దిగిపోతన్నాయమ్మా. ఇప్పుడు షెడ్డు ఖాళీ అయితే పగుళ్లెవులు మూస్తారు? రెండు కార్తెలు ఆగు."

"రెండు కార్తెలు నాను ఆగుతాను తాతా. మా ఆయన సేతులు ఆగుతాయా?"

"పోనీ, నీ మొగుడి అంకె ఒక్కటీ సదివెయ్. ఆడ్ని తప్పించేద్దాం. మిగతావి తరవాత సూద్దాం."

ఆయన చెడ్డవాడు కాదు. తన అంకె కూడా వదిలెయ్యమనే చెప్పాడు. ఇంటికి వచ్చేదాకా ఆ మాట నా చెవిలోనే ఉంది. మా ఆయన బయటపడతాడు, పగుళ్లు మూతపడతాయి, ఎవరికీ ఏమీ తెలియదు. నాకు ఆశ పుట్టిందని రాయకపోతే ఇక్కడ రాసిన మిగతాదంతా అబద్ధమవుతుంది.

సాయంత్రం మా ఆయన వచ్చి, కింద పడుకున్న చెల్లెల్ని చూసి నిలబడిపోయాడు. అంతా చెప్పాను. నాయుడు తాత మాట కూడా చెప్పాను. చెల్లెలి పక్కన కూర్చుని, ఆ వణికే చేత్తోనే దుప్పటి సర్దాడు.

"నానొక్కడినీ దిగిపోతే, రేపు ఆళ్ల మొకాలు ఎలగ సూస్తాను?" అన్నాడు. చెల్లెలి వైపు చూసి, "ఆ పీట నానే పోసినాను," అన్నాడు. అన్నం వడ్డించాను. ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం.

ఆరుద్ర కార్తె, ఆదివారం

పొద్దున్నుంచి వాన. హాల్లో పై పలకల సందుల్లోంచి రెండు చోట్ల కారుతోంది, కింద తొట్లు పెట్టారు. నాయుడు తాత ఆ తొట్లవైపూ నా వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఏది చదవబోతున్నానో ఆయనకి తెలియదు. కాగితం విప్పేదాకా నాకూ గట్టిగా తెలియదు.

"పైడిరాజు, అయిదు వందల అరవై," అని మొదలుపెట్టాను.

నేను పొరపాటు పడ్డాననుకుని ఎవరో నవ్వారు. మా ఆయన లేచి, మెడలో వేలాడుతున్న మాస్కు తీసి బల్ల మీద పెట్టాడు. నవ్వు ఆగిపోయింది. నేను ఆగలేదు. షెడ్డులో ఉన్న ప్రతి పేరూ చదివాను. అయిదు వందలకి దిగువ ఒక్కరూ లేరు. దాలినాయుడు, ఆరు వందల పది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"షెడ్డు ఎవులు సూస్తారే?" అని వెనక నుంచి ఒక గొంతు కోపంగా అరిచింది. "పెంకు కారిపోతంది, నువ్వు అంకెలు సదువుతన్నావు."

"మిసను దొంగలన్నోల్లం ఉన్నాం గదా. మావు ఎక్కుతాం," అన్నాను. "నాది ఇరవై. పంతులుగారిది పన్నెండు. కూరపాదులోల్లున్నారు. వారానికొకరు ఎక్కుదాం, దిగుదాం. పోత పొయ్యడం మాకు మీరు షెడ్డు మెట్ల కిందనుంచి నేర్పండి." పంతులుగారు చెయ్యెత్తాడు. కళ్లజోడు సర్దుకుని నా వైపు చూశాడు. ఆయన్ని అందరి ముందూ అవమానించిందాన్ని నేనే, ఆ చూపు నాకు బరువుగా ఉంది.

నాయుడు తాత లేచాడు. "సున్నా ఎలగ తప్పినాదో సెప్పలేదమ్మా నువ్వు. మిసను పాడయినాదా?"

మాటిచ్చాను కాబట్టి తల దించుకుని కాగితం మడుస్తున్నాను. అంతలో గుమ్మం దగ్గర కదలిక వినిపించింది. లచ్చయ్యమ్మ భుజం పట్టుకుని వరహాలు నిలబడి ఉంది. సున్నా మనిషి హాలుకి రావడం ఎవరూ చూసి ఎరగరు. దారిలో ఉన్నవాళ్లు, తమ బట్టల ఆవిరి తగులుతుందేమోనని భయపడి వెనక్కి జరిగారు.

"నా పేరు సదవలేదేటి వదినా?"

"నీ పేరు సదవరు గదమ్మా."

"ఇయ్యాల సదువు."

మడిచిన కాగితం పక్కన పెట్టేశాను. "వరహాలు, నాలుగు వందల అరవై."

నాయుడు తాత బల్లల మధ్య నుంచి నెమ్మదిగా నడిచి ఆ పిల్ల ఎదుటికి వచ్చాడు.

"నీ గదిలోకి ఆవిరి ఎలగొచ్చిందమ్మా? సీమైనా దూరకుండా నానే కట్టించినాను గదా."

హాల్లో ఒక్కొక్కరే పక్కవాళ్ల మొహాలు చూసుకోవడం మొదలుపెట్టారు. పళ్లెం ఇచ్చినవాళ్లున్నారు, ఉయ్యాల బల్ల ఇచ్చినవాళ్లున్నారు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయుడు తాతకి అందరికన్నా ఆలస్యంగా తెలిసింది. తెలిసినప్పుడు ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. మా ఆయన వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"ఆ మంచం నానే పోసినాను," అన్నాడు తాత. "అచ్చు తీసిన పూటే మోయించినాను. అంటుకుంటందని ఆడోల్లు అన్నా ఇననేదు."

వరహాలు వంగి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"మంచి మంచవే తాతా," అంది. "పడుకుంటే లెగబుద్దయ్యీది కాదు."